పెద్దమ్మ చిక్కుడు, నాన్న ఫైలు

"దాచకండి సార్, మళ్ళీ అదే కాయ రాదు" అన్నాడు విత్తనాల షాపతను. పోయిన నెల పూర్ణా మార్కెట్ దగ్గర బీర గింజలు కొంటూ, కాయ ముదిరాక ఇందులోంచే విత్తనం తీసుకోవచ్చా అని అడిగితే వచ్చిన జవాబు అది. అతను అబద్ధం చెప్పలేదు. ప్యాకెట్ మీద ఎఫ్1 హైబ్రిడ్ అని రాసే ఉంది. రెండు వేరువేరు రకాలను కలిపి పుట్టించిన తొలి తరం గింజ అన్నమాట. మొదటి కాపు దండిగా, కాయలన్నీ ఒకే తీరుగా వస్తాయి. ఆ కాయల్లోని గింజ నాటితే మాత్రం పాత రకాల గుణాలన్నీ చెల్లాచెదురై ఒక పాదుకి పొడుగు కాయ, ఇంకో పాదుకి పొట్టి కాయ వస్తుంది. అందుకని ఏటా ఆ షాపుకే వెళ్ళాలి.

అదే రోజు మధ్యాహ్నం మధురవాడలో మా ఆఫీసులో కొత్తగా చేరిన కుర్రాడితో ఓపెన్ సోర్స్ గురించి, అంటే సోర్సు (ప్రోగ్రాము రాసిన మూలపాఠం) ఎవరైనా చూసి మార్చుకోగలిగే ప్రోగ్రాముల గురించి, వాదన పెట్టుకున్నాను. "ఓపెన్ సోర్స్ అంటే ఫ్రీగా వచ్చేదే కదన్నా, దానికి ఇంత ఆవేశం ఎందుకు?" అన్నాడు. వాడికి అప్పుడు సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. ఈ వ్యాసం ఆ జవాబే, కాస్త పొడుగ్గా.

ముందు మాట సంగతి. ఇంగ్లీషువాళ్ళకి ఫ్రీ అని ఒకటే మాట ఉండటం వల్ల, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమం మొదలుపెట్టిన రిచర్డ్ స్టాల్‌మన్ నలభై ఏళ్ళుగా, నేను ధర గురించి మాట్లాడటం లేదు మహాప్రభో అని సభ సభకీ చెప్పుకోవాల్సి వచ్చింది. మనకా బాధ లేదు. ఉచితం అనే మాట వేరు, స్వేచ్ఛ అనే మాట వేరు. మన రాష్ట్రాల్లో, కంప్యూటర్‌ని నడిపే ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్‌ని తెలుగులోకి తెచ్చిన సంస్థ తన పేరే స్వేచ్ఛ అని పెట్టుకుంది. ఇంత స్పష్టమైన మాటలు చేతిలో ఉండి కూడా మనం రెండింటినీ కలిపేస్తున్నాం. రూపాయి ఖర్చు కాకపోతే చాలు, అది మనదే అనుకుంటున్నాం. ఫోన్లో ఉన్న యాప్‌లన్నీ ఉచితమే, వాటిలో ఒక్కదాన్ని కూడా విప్పి చూసే వీల్లేదు, మార్చే వీల్లేదు. రేపు వాళ్ళు ఆపేస్తే మన ఫోటోలు, మన రాతలు ఏమవుతాయో అడిగే దిక్కు లేదు.

నాకు స్వేచ్ఛ అంటే ఏమిటో కాలేజీలో తెలియలేదు. చోడవరం దగ్గర మా ఊళ్ళో, పెద్దమ్మ వంటింట్లో తెలిసింది. అప్పుడు దానికి ఆ పేరుందని నాకు తెలీదంతే.

పెద్దమ్మ చిక్కుడుపాదుకి నడి కాపులో వచ్చిన కాయల్ని కొన్నిటిని కోయనిచ్చేది కాదు. మంచి పుష్టిగా ఉన్న గుత్తులు చూసి పాత చీర అంచు పేలిక కట్టేది. పేలిక కనిపిస్తే పిల్లలు కూడా చెయ్యి పెట్టకూడదు. కాయ పాదు మీదే ఎండి, ఊపితే లోపల గింజ గలగలమనాలి. అప్పుడు తెంపి, చేటలో పోసి, నాలుగు రోజులు నీడపట్టున, ఒక పూట ఎండలో ఆరబెట్టి, పుచ్చులూ నొక్కులూ ఏరేసి, బూడిద కలిపి సొరకాయ బుర్రలో పోసేది. మూతికి గుడ్డ బిగించి మట్టి మెత్తేది. బుర్రని పొయ్యికి ఎగువన వాసానికి వేలాడదీసేది, పొగకి పురుగు పట్టదు కదా. ఎర్ర గోధుమ రంగు గింజ, ఒక అంచున తెల్లటి గీత ఉండేది. కాయ వెడల్పు, అంచు ఊదారంగు. ఊళ్ళో అందరూ దాన్ని పెద్దమ్మ చిక్కుడు అనే అనేవారు, ఆవిణ్ణి పెద్దమ్మ అని పిలవనివాళ్ళు కూడా.

ఎవరడిగినా గుప్పెడు తీసి ఇచ్చేది. అడక్కపోయినా ఇచ్చేది. పాలు తెచ్చే ఆవిడకి, వెదురు బుట్టలు అమ్మడానికి మాడుగుల వైపు నుంచి వచ్చేవాళ్ళకి, ఇంటికొచ్చిన చుట్టానికి. ఒకసారి నేనే అడిగాను, అందరికీ ఇలా పంచేస్తే మనకేం మిగుల్తాది అని. చేటలోంచి తలెత్తకుండానే, "ఒక్క సోటే దాసితే ఎలకొత్తే ఏటవుతాదిరా? నాలుగిళ్ళల్లో ఉంటే ఏదో ఇంట్లో బతుకుతాది" అంది.

ఆవిడ పోయాక ఆ గింజలు కొన్ని ఎంవీపీ కాలనీలో మా మేడ మీదికి తెచ్చాను. రెండేళ్ళు బాగా కాసింది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చింది. ఆ రోజు విశాఖలో ఉన్నవాళ్ళెవరికీ వివరించక్కర్లేదు. పందిరితో సహా పాదు ఎగిరిపోయింది. విత్తనం కోసం దాచిన డబ్బా కిటికీ పక్క అలమారులో ఉండేది, అద్దాలు పగిలి లోపలికి వాన కొట్టింది. కరెంటు లేదు, కుళాయిలో నీళ్ళు లేవు, ఆ హడావుడిలో డబ్బా గుర్తే లేదు. వారం తర్వాత మూత తీస్తే గింజలు నాని, ఉబ్బి, బూజు పట్టి కుళ్ళు వాసన వచ్చింది. ఏడుపు ఆగలేదు. ఒక రకం చిక్కుడుకి ఏడవడమేమిటని ఇంట్లోవాళ్ళు అనుకుని ఉంటారు. పెద్దమ్మ పేరుతో మిగిలిన ప్రాణం ఉన్న వస్తువు అదొక్కటే మరి.

సంక్రాంతికి ఊరెళ్ళాను. పాలావిడ ఇంటి దడి మీద ఊదా అంచు చిక్కుడుకాయలు వేలాడుతున్నాయి.

దగ్గరికెళ్ళి చూస్తే అదే, కానీ అచ్చం అదే కాదు. కాయ వేలెడంత పొట్టి. ఆవిడనడిగితే, "పండక్కి ముందే చేతికొచ్చే పాదు నుంచే గింజ ఉంచుకుంటన్నాం బాబూ, ఆలస్యంగా కాసింది మాకెందుకు" అంది. ఏటా తొందరగా కాసిన పాదునే ఎంచుకుంటూ పోయింది, కొన్నేళ్ళకి మా దానికన్నా రెండు వారాలు ముందు కాసే చిక్కుడు తయారైంది. అందుకు ఆవిడ ఎవరి అనుమతీ అడగలేదు, అడగాలని ఎవరికీ తోచలేదు. నాకు గుప్పెడు గింజలు కొంగులోంచి తీసి ఇచ్చింది. మా పెద్దమ్మ ఇచ్చినదానికన్నా మెరుగైనది తిరిగి మా ఇంటికొచ్చింది.

ఇప్పుడు స్టాల్‌మన్ చెప్పిన నాలుగు స్వేచ్ఛలు వినండి. ప్రోగ్రామును ఏ పనికైనా వాడుకోవచ్చు. అది ఎలా పనిచేస్తోందో చదివి, కావలసినట్టు మార్చుకోవచ్చు. నకళ్ళు పంచవచ్చు. మార్చినదాన్నీ పంచవచ్చు. ఈ స్వేచ్ఛలన్నీ ఉండే ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేద్దామని ఆయన గ్నూ ప్రాజెక్టు ప్రకటించింది 1983లో. అంతకుముందు అమెరికాలోని ఎంఐటీ విద్యాసంస్థ ల్యాబులో జిరాక్స్ కంపెనీ లేజర్ ప్రింటర్ ఒకటి మాటిమాటికీ కాగితం ఇరుక్కుని ఆగిపోతుంటే, కాగితం ఇరుక్కోగానే కబురు పంపేలా దాని ప్రోగ్రాము సరిచేద్దామని సోర్సు అడిగాడు. సోర్సు తన దగ్గర ఉన్న మనిషి ఇవ్వనన్నాడు, ఎవరికీ ఇవ్వనని సంతకం పెట్టేశాను అన్నాడు. నేను ఈ కథ చదివింది పాలావిడ దడి చూసిన తర్వాతే. నాలుగు స్వేచ్ఛలూ ఆ దడి మీద వేలాడటం అప్పటికే చూశాను.

అందుకే ఎఫ్1 గింజని చూస్తే నాకు సోర్సు లేకుండా చేతికొచ్చిన ప్రోగ్రాము గుర్తొస్తుంది. బ్రహ్మాండంగా పనిచేస్తుంది, కానీ దాన్నుంచి ఇంకోటి చేసుకోలేం. తల్లిదండ్రుల రకాలు కంపెనీ దగ్గర ఉంటాయి. హైబ్రిడ్‌లను తిట్టడం నా ఉద్దేశం కాదు. మొక్కజొన్న వేసే రైతుకి వాటితో వచ్చే దిగుబడి తేడా చిన్నది కాదు, తిండి గింజ పెంచేవాడికి మేడ మీద నాలుగు కుండీలున్న నేను నీతులు చెప్పకూడదు. కానీ ఊళ్ళో ఉన్న కూరగాయల విత్తనాలన్నీ అవే అయిపోయి, పక్కింట్లో అడిగి తెచ్చుకోవడానికి ఏదీ మిగలకపోతే అప్పుడు రైతు ఎంచుకునేది ఏమీ లేదు. ఏ షాపులో కొనాలన్నది ఒక్కటే మిగుల్తుంది.

చట్టం ఏం చెబుతోందంటారా? చట్టం మన పక్షానే ఉంది. 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టంలో 39వ సెక్షన్ చదవండి. రిజిస్టరైన రకమైనా సరే, రైతు తన పంటలోంచి విత్తనం దాచుకోవచ్చు, మళ్ళీ విత్తుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచవచ్చు, అమ్మవచ్చు కూడా. బ్రాండు పేరు వేసి అమ్మకూడదు, అంతే. చాలా దేశాల రైతులకి ఇంత హక్కు లేదు. అయినా 2019లో గుజరాత్‌లో చిప్స్‌కి వాడే ఎఫ్ఎల్ 2027 బంగాళాదుంప వేశారని పెప్సికో కంపెనీ చిన్న రైతుల మీద కోర్టుకెళ్ళింది, నలుగురి దగ్గర తలా కోటి రూపాయలకి పైగా పరిహారం అడిగింది. దేశమంతా గొడవైతే మే నెలలో కేసులు వెనక్కి తీసుకుంది. ఆ రకం రిజిస్ట్రేషన్‌ని 2021లో రద్దు చేశారు, 2024లో ఢిల్లీ హైకోర్టు డివిజన్ బెంచి తిరిగి నిలబెట్టింది. న్యాయశాస్త్రం సంగతి అలా ఉంచండి. నాలుగెకరాల రైతు గుమ్మం ముందుకి కోటి రూపాయల నోటీసు వస్తే 39వ సెక్షన్ ఉందన్న ధీమాతో ఆ రాత్రి అతనికి నిద్ర పడుతుందా? కాగితం మీది హక్కుకి వెనక నిలబడే మనుషులు ఉండాలి. ఆ కేసులో ఉన్నారు కాబట్టే ఆగింది.

హక్కుతోబాటు దాచుకోదగ్గ విత్తనం కూడా ఉండాలి కదా. ఇక్కడ మన ప్రభుత్వ పరిశోధన కేంద్రాలు చేసిన పని గురించి ఎంత చెప్పినా తక్కువే. మారుటేరు నుంచి 1982లో వచ్చిన స్వర్ణ వరి, ఎంటీయూ 7029. బాపట్ల నుంచి 1986లో వచ్చిన సాంబ మసూరి, బీపీటీ 5204. మన పక్కనే రాగోలు నుంచి వచ్చిన శ్రీకాకుళం సన్నాలు. ఇవి హైబ్రిడ్‌లు కావు. వరి తనలో తానే పరాగసంపర్కం జరుపుకునే పంట, కాబట్టి కళ్ళంలో మంచి గింజ ఏరి పక్కన పెట్టుకుంటే మరుసటి ఏడు అదే వరి. స్వర్ణ ఆంధ్ర దాటి ఒడిశా, బెంగాల్, బంగ్లాదేశ్ దాకా వెళ్ళిందంటే రైతు నుంచి రైతుకి బస్తాల్లో, సంచుల్లో వెళ్ళబట్టే.

దానికి ఒక లోపం ఉండేది, వరదలో మునిగితే కుళ్ళిపోయేది. ఒడిశాలో ఎఫ్ఆర్ 13ఏ అని నీట మునిగినా తట్టుకునే పాత రకం ఉంది. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థవాళ్ళు ఆ గుణాన్నిచ్చే సబ్1 అనే జన్యుభాగాన్ని స్వర్ణలోకి తెచ్చారు, మిగతా స్వర్ణ స్వర్ణగానే ఉంచి. 2009లో స్వర్ణ సబ్1 మన దేశంలో విడుదలైంది, రెండు వారాలు నీటిలో ఉన్నా లేచి నిలబడుతుంది. మన గోదావరి జిల్లా స్వర్ణకి ఒడిశా పల్లె రకం అతుకు వేసింది. స్వర్ణ, ఎఫ్ఆర్ 13ఏ రెండూ ఎవరో తాళం వేసుకున్నవైతే ఈ పని ఇంత సులువుగా జరిగేదా? సాఫ్ట్‌వేర్‌లో ఇలా వేసిన అతుకునే ప్యాచ్ అంటాం.

పత్తిలో జరిగింది దీనికి పూర్తిగా వ్యతిరేకం. పురుగుని తట్టుకునే జన్యువు చేర్చిన బీటీ పత్తి 450 గ్రాముల ప్యాకెట్‌లో ఆ జన్యువు కంపెనీకి కట్టే రాయల్టీ వాటానే ఎంత ఎక్కువగా ఉండేదంటే 2006లో మన రాష్ట్ర ప్రభుత్వం గుత్తాధిపత్యాల కమిషన్ దాకా వెళ్ళి కొట్లాడింది, ఆ తర్వాతే ప్యాకెట్ 750 రూపాయలకి దిగింది. ధర తగ్గింది సరే, అదీ హైబ్రిడే కాబట్టి గింజ దాచుకునే వీలు మాత్రం రాలేదు. ఉచితానికీ స్వేచ్ఛకీ ఉన్నట్టే చవకకీ స్వేచ్ఛకీ కూడా తేడా ఉంది.

నాన్న ఫైలు గురించి ఇప్పుడు చెప్పాలి.

2001లో మా నాన్న ఊరి చరిత్ర రాశారు. చెరువు ఎవరు తవ్వించారు, ఏ కుటుంబం ఎక్కణ్ణుంచి వచ్చింది, రావివలస నుంచి వచ్చిన తాతగారు నేర్పిన పద్యాలు, ఇలాంటివన్నీ. నగరంలో ఒక డీటీపీ సెంటర్లో టైపు చేయించి యాభై కాపీలు వేయించుకున్నారు, ఫైలు సీడీలో ఇచ్చారు. పదిహేనేళ్ళ తర్వాత నాన్న పోయాక రెండో ముద్రణ వేద్దామని సీడీ తెరిస్తే తెరనిండా ఇంగ్లీషు అక్షరాలు, చుక్కలు, గీతలు. తెలుగు అక్షరం ఒక్కటి లేదు. అప్పటి డీటీపీ ఫాంట్లు అంతే, ఇంగ్లీషు అక్షరాల గళ్ళలో తెలుగు అక్షరాల ముక్కలు పెట్టేవి. తలకట్టు ఒక గడిలో, ఒత్తు ఇంకో గడిలో. ఏ గడిలో ఏముందో ఆ కంపెనీకే తెలుసు, వాళ్ళ సాఫ్ట్‌వేర్‌కి కంప్యూటర్ వెనక గుచ్చే తాళం కూడా ఉండేది. ప్రపంచ భాషలన్నిటి అక్షరాలకీ అందరికీ ఒకే పట్టికగా ఉండే యూనికోడ్‌లో తెలుగుకి 1991లోనే చోటు దొరికింది, మన ముద్రణలోకి రావడానికి చాలా ఏళ్ళు పట్టింది. ఆ డీటీపీ సెంటర్ మూతపడింది. నాన్న రాసిన మాటలు, నాన్న డబ్బులిచ్చి టైపు చేయించుకున్న మాటలు, నా చేతిలో ఉన్నాయి, నేను చదవలేను. బూజు పట్టిన చిక్కుడు గింజల డబ్బా మూత తీసినప్పటి బాధే మళ్ళీ.

ఎవరో ఓపిగ్గా కూర్చుని ఏ గడిలో ఏ ముక్క ఉందో ఒక్కొక్కటే పోల్చి, పాత ఫాంటు రాతని యూనికోడ్ తెలుగులోకి మార్చేలా రాసిన కన్వర్టర్ ఒకటి దొరికింది, సోర్సుతో సహా. నడిపితే నూటికి తొంభై పాళ్ళు తెలుగు వచ్చేసింది. కొన్ని ఒత్తులు తారుమారయ్యాయి. "క్ష" వచ్చిన ప్రతిచోటా ఏదో చుక్క. సోర్సు ఉంది కాబట్టి పట్టిక తెరిచి సరిచేసుకున్నాను, నాలుగు రాత్రులు పట్టింది. ఆ మార్పుల్ని రాసినాయనకి తిరిగి పంపాను, ఆయన కలుపుకున్నాడు. ఇంకెవరి నాన్న ఫైలులోనో "క్ష" సరిగ్గా వస్తుంది ఇప్పుడు. పాలావిడ కొంగులోంచి గింజలు తీసి ఇచ్చినప్పుడు ఆవిడకి ఎలా ఉండి ఉంటుందో ఆ రోజు కొంత అర్థమైంది.

రెండో ముద్రణ పోతన ఫాంటులో వేశాం. తిరుమల కృష్ణ దేశికాచారి గారు తయారుచేసి జీపీఎల్ అనే స్వేచ్ఛా లైసెన్సు కింద అందరికీ వదిలేసిన ఫాంటు అది. తన కావ్యాన్ని రాజుకి ఇవ్వనని నాగలి పట్టుకున్నాడని మనం చెప్పుకునే కవి పేరు దానికి పెట్టడం నాకెంతో ఇష్టం.

జీపీఎల్ అన్నాను కాబట్టి దాని మెలిక కూడా చెప్పాలి, నా వాదనంతా దానిమీదే ఉంది. అందరికీ వదిలేస్తే ఎవడో వచ్చి దానికి కంచె వేసుకోవచ్చు. పసుపు గాయాలు మానుస్తుందని మన ఇళ్ళల్లో పసిపిల్లలకీ తెలుసు, అయినా 1995లో అమెరికాలో దానికి పేటెంటు ఇచ్చారు. మన దేశ శాస్త్ర పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ పాత గ్రంథాలు పట్టుకెళ్ళి 1997లో రద్దు చేయించింది. 1989 నాటి జీపీఎల్ ఈ కంచెకి అడ్డు కట్టింది. వాడుకో, మార్చుకో, కానీ మార్చినదాన్ని పంచితే ఇదే షరతుతో పంచాలి అంటుంది. 1999లో టామ్ మైకేల్స్ అనే చిక్కుడు జాతి పంటల శాస్త్రవేత్త విత్తనాలకీ ఇలాంటి లైసెన్సు ఉండాలని ప్రతిపాదించాడు. 2014లో అమెరికాలోని విస్కాన్సిన్‌లో ఓపెన్ సోర్స్ సీడ్ ఇనిషియేటివ్‌వాళ్ళు కొన్ని రకాల్ని ఒక ప్రమాణంతో విడుదల చేశారు: ఈ విత్తనాన్ని మీ ఇష్టం వచ్చినట్టు వాడుకోండి, దీనికీ దీని సంతానానికీ ఎవరికీ అడ్డుపెట్టకండి, ఎవరికిచ్చినా ఈ మాట చెప్పి ఇవ్వండి. మన హైదరాబాద్‌లో సుస్థిర వ్యవసాయ కేంద్రంవాళ్ళు కూడా ఈ దారిలో పనిచేస్తున్నారు. ప్రమాణం కోర్టులో నిలుస్తుందా అంటే అది వేరే చర్చ. పెద్దమ్మ కాలంలో ఈ మాట చెప్పక్కర్లేదు, అందరికీ తెలిసిందే. ఇప్పుడు చెప్పాలి.

ఇక్కడ మా ఆఫీసు కుర్రాడు ఒక మంచి మాట అడిగాడు, దాన్ని దాటేయకూడదు. "సాఫ్ట్‌వేర్ కాపీకి ఖర్చు లేదన్నా, విత్తనానికి నేల కావాలి, నీళ్ళు కావాలి, ఏడాది కావాలి, రెండూ ఒకటెలా అవుతాయి?" అన్నాడు. నిజమే. కానీ కాపీకి ఖర్చు లేకపోయినా సంరక్షణకి ఉంది. 2024 మార్చిలో ఫైళ్ళని కుదించే ఎక్స్‌జెడ్ అనే చిన్న ప్రోగ్రాములో ఎవరో దొంగదారి పెట్టారని బయటపడింది. ప్రపంచంలో లెక్కలేనన్ని సర్వర్లలో ఉండే సరుకు అది. దాన్ని ఏళ్ళ తరబడి జీతం లేకుండా ఒక్క మనిషి చూసుకుంటున్నాడు, అలసిపోయానని 2022లోనే చెప్పుకున్నాడు. సాయం చేస్తానని దగ్గర చేరినవాడే రెండేళ్ళు నమ్మకంగా మెలిగి మోసం చేశాడు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు, లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమిటా అని తవ్వబట్టి దొరికింది. సోర్సు అందరి ముందూ ఉండటం వల్లే తవ్వగలిగాడు, అది స్వేచ్ఛ ఇచ్చిన బలం. అంతమంది వాడుకుంటూ ఆ ఒక్కడి భుజం మీద చెయ్యేసినవాళ్ళు లేకపోవడం మన తప్పు. ఆ సంగతి చదువుతుంటే నాకు వాసానికి వేలాడే సొరకాయ బుర్ర కళ్ళ ముందు మెదిలింది. ఊరంతా ఆ చిక్కుడు తిన్నది, గింజ ఏరింది పెద్దమ్మ ఒక్కతే. పాలావిడ లేకపోతే ఆవిడతోనే పోయేది.

కాబట్టి తమ్ముడూ, నా ఆవేశం డబ్బు గురించి కాదు. ఉచితంగా తీసుకోవడానికి చెయ్యి చాపితే చాలు. స్వేచ్ఛకి మాత్రం ఎవరో ఒకరు ప్రతి ఏడూ పేలిక కట్టాలి, ఏరాలి, ఆరబెట్టాలి, పట్టికలో "క్ష" సరిచెయ్యాలి, పక్కవాడికి ఇవ్వాలి. ఆ పని నువ్వు చెయ్యకపోతే నేను, నేను చెయ్యకపోతే ఇంకొకరు. అందరూ మానేసిన రోజున చట్టంలో ఏ సెక్షన్ ఉన్నా, లైసెన్సులో ఏ వాక్యం ఉన్నా చేతికి గింజ రాదు.

పోయిన సంక్రాంతి తర్వాత తీసిన గింజలు నా దగ్గర రెండు వందల దాకా ఉన్నాయి. పది పదిగా కాగితం పొట్లాలు కట్టాను, ఒక్కో పొట్లం మీద మూడు ముక్కలు రాశాను: జూన్‌లో తొలకరి పడ్డాక నాటండి, నడి కాపు గుత్తికి పేలిక కట్టండి, కాశాక పది గింజలు ఇంకొకరికివ్వండి. పన్నెండు పొట్లాలు మా అపార్ట్‌మెంట్‌లో వెళ్ళిపోయాయి. ఒకటి గాజువాకలో స్టీల్ ప్లాంట్‌లో పనిచేసే దోస్తు పట్టుకెళ్ళాడు, ఒకటి అరకు బస్సులో పక్క సీట్లో కూర్చున్న టీచరమ్మకి ఇచ్చాను. ఆఫీసు కుర్రాడు నిన్న సాయంత్రం వచ్చి, "మా అమ్మకి పెందుర్తిలో పెరడుంది, ఒక పొట్లం ఉందా అన్నా?" అని అడిగాడు. రెండు ఇచ్చాను.